నిలబడి చెప్పిన మాట

ఐదు రోజులు ఆడి చివరికి ఎవరూ గెలవని ఆట ఒకటుందని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. కొత్త కాపురం రోజుల్లో ఒకసారి మా ఆయన టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొడుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. మనవాళ్ళు గెలిచారేమో అనుకుని, "గెలిచిన్రా?" అని అడిగాను. "డ్రా అయింది" అన్నాడు. "మరెందుకు ఏడుస్తున్నవ్?" అంటే నావైపు జాలిగా చూశాడు. ఆ చూపుకు నా ఒళ్ళు మండిపోయింది. అన్నం సయించకుండా, దుకాణం సరిగ్గా తెరవకుండా ఐదు రోజులు చూసింది ఇందుకా అని ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

అలాంటిదాన్ని, మొన్నటి ఆస్ట్రేలియా సిరీస్‌లో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా తెలియకుండా అదే టీవీ ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అప్పటికి నేను చూస్తున్నది ఆట ఒక్కటే కాదు. నా ఒక కన్ను టీవీ మీద ఉంటే, ఇంకో కన్ను కుర్చీలో కూర్చున్న మా ఆయన కాళ్ళ మీద ఉంది.

ఆయనకు ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మోటర్ వైండింగ్ దుకాణం ఉంది. చుట్టుపక్కల రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెచ్చి పడేస్తే, లోపల మాడిన తీగంతా పీకేసి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. దుకాణం ముందు ఒక పొడుగాటి బెంచీ. టెస్టు సిరీస్ వచ్చిందంటే మన జట్టు ఎంపిక ఆ బెంచీ మీద జరగాల్సిందే. సభ్యులు నలుగురు. మా ఆయన ఒకడు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసే ఆయన దోస్తు ఒకడు. పెద్దచెరువులో చేపలు పట్టి బండి మీద ఊరూరా అమ్ముకునే కుర్రాడొకడు, మేమంతా తమ్ముడనే పిలుస్తాం. నాలుగో ఆయన శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే సారు. నేనూ ఆ కాలేజీలోనే ల్యాబ్‌లో పనిచేస్తాను. కాలేజీలో ఎవరినీ పల్లెత్తు మాట అనని ఆ సారు, బెంచీ దగ్గరికొచ్చేసరికి గొంతు చించుకునేవాడు. ఇద్దరూ ఒకే మనిషని నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ బెంచీకి ఒక రూలుంది. జట్టులో ఎవరిని తీయాలన్నా, ఎవరిని ఉంచాలన్నా లేచి నిలబడి చెప్పాలి. చేతిలో టీ గ్లాసుంటే కింద పెట్టాలి. ఎందుకు తీస్తున్నావో చెప్పాలి, వాడి బదులు ఎవరిని తెస్తావో చెప్పాలి. కూర్చుని అన్న మాట ఎంత మంచిదైనా చెల్లదు. స్కోరు గురించి, పిచ్ గురించి, అంపైర్ గుడ్డితనం గురించి ఎంతసేపైనా కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఎంపిక మాటొస్తే మాత్రం లేవాల్సిందే. ఈ రూలు పెట్టింది మా ఆయనే. "ఒక మనిషిని జట్టుల కెల్లి తీసుడంటే ఆయన నోటికాడి బువ్వ తీసుడు. టీ జుర్రుకుంట, కాలు మీద కాలేసుకోని తీస్తమంటే నా దుకాణం ముంగట నడవది" అన్నాడట.

ఈ రూలు వల్ల ఒకసారి బస్సు కూడా ఆగింది. కండక్టర్ నిలబడి వికెట్ కీపర్‌ని మార్చాలని వాదిస్తుంటే, అవతల డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. బస్సులోంచి ఒక ముసలమ్మ తల బయటపెట్టి తిట్టిపోసింది. ఈయన చెయ్యెత్తి, "అవ్వా, జర ఆగు! కీపర్ సంగతి తేలనియ్యి!" అన్నాడు. పెద్దపెద్ద కోట్లు వేసుకుని ఏసీ గదుల్లో కూర్చునే సెలెక్టర్లు కూడా ఇంత పట్టింపుగా ఎంపిక చేసి ఉండరు. నేను నవ్వుకునేదాన్ని కానీ, లోలోపల ఆశ్చర్యంగానే ఉండేది. వీళ్ళ మాట టీవీలో ఉన్నవాళ్ళకు వినపడదు. వినపడదని వీళ్ళకూ తెలుసు. అయినా తెలియని మనిషిని తీసేటప్పుడు లేచి నిలబడేవాళ్ళు.

పోయిన వానకాలం చివర్లో తుర్కయాంజాల్ దగ్గర సాగర్ రోడ్డు మీద ఒక కారు మా ఆయన బండిని గుద్దింది. కుడి తొడ ఎముక విరిగింది. దవాఖానలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. కొన్ని నెలల తర్వాత డాక్టర్ ఎక్స్‌రే పైకెత్తి చూపించాడు. విరిగిన చోట చుట్టూ తెల్లగా మబ్బులాంటిది కమ్ముకుని ఉంది. "గదేనమ్మా కొత్త బొక్క. మంచిగ అతికింది" అన్నాడు. మేము తింటూ, పడుకుంటూ, ఏడుస్తూ ఉన్నంతసేపూ చీకట్లో ఆ ఎముక తన పని తాను చేసుకుంటూనే ఉందన్నమాట. దవాఖాన మెట్లు దిగేటప్పుడు నాకు ఎవరికైనా దండం పెట్టాలనిపించింది కానీ, ఎవరికి పెట్టాలో తెలియలేదు.

ఎముక అతికింది కానీ మనిషి లేవలేదు. ఇంటికొచ్చిన కొత్తలో నేను కాలేజీకి పోయినప్పుడు ఆయన ఒక్కడే వాకర్ పట్టుకుని లేవబోయి, బాత్రూం గడప దగ్గర పడ్డాడు. నేను వచ్చేదాకా అక్కడే, తడి నేల మీద పడున్నాడు. మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తే ఏమీ కాలేదన్నారు. కానీ ఆ రోజు నుంచి కాలు మీద బరువు పెట్టమంటే ఆయన ముఖం పాలిపోయేది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి నేనే జరపాలి. కాలికి వ్యాయామం చేయించడానికి మీర్‌పేట్ నుంచి స్కూటీ మీద వచ్చే ఫిజియో అమ్మాయి బతిమాలేది, బెదిరించేది. చివరికి ఒక రోజు నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "ఆంటీ, బొక్క అతికింది. కానీ కాలు మీద బరువు పెట్టకపోతే కండ కరిగిపోతది. ఇంకో నెల అంకుల్ గిట్లనే కూసుంటే, ఆ తర్వాత నేను రోజూ వచ్చినా లాభముండది. ఇగ కుర్చీయే."

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి నేను చేసిందల్లా ఆయన మీద అరవడమే. ఆయన ఉలకలేదు, పలకలేదు. ముందు గదిలో ఆయన కుర్చీ పక్కన, కిటికీ దగ్గర ఎండ తగిలే చోట వాకర్ ఉండేది. అది ఎలాగూ వాడడం లేదని నేను దాని మీద తువ్వాళ్ళు ఆరేయడం మొదలుపెట్టాను.

అప్పుడు ఆస్ట్రేలియా సిరీస్ మొదలైంది. అక్కడ మ్యాచ్ మొదలయ్యేసరికి మనకింకా తెల్లారదు. దుకాణానికి తాళం పడి ఉంది కాబట్టి బెంచీ సభ్యులు ముగ్గురూ మా ఇంటికే రావడం మొదలుపెట్టారు. కండక్టర్ డ్యూటీకి పోయే ముందు, చేపల తమ్ముడు బండి కట్టుకుని బయల్దేరే ముందు, సారు కాలేజీకి తయారై. చలికి మంకీ టోపీలు పెట్టుకుని వరసగా వచ్చి ముందు గదిలో చాప మీద కూర్చునేవాళ్ళు. నేను టీ పెట్టేదాన్ని. బయట చీకటి. టీవీలో మాత్రం ఎర్రటి ఎండ. ఆ పచ్చటి నేల, దాని మీద పొడుగ్గా సాగిన నీడలు, తెల్ల బట్టల మనుషులు. మన ఊరింకా ముసుగు తన్ని పడుకుని ఉంటే, ఎక్కడో ఒక చోట అప్పటికే పొద్దెక్కి ఉందన్న సంగతి రోజూ నాకు కొత్తగానే ఉండేది.

ఆ సిరీస్‌లో గొడవంతా మన మూడో నంబర్ ఆటగాడి గురించి. వయసు మీద పడిన మనిషి. నెమ్మదిగా ఆడతాడు. మా ఆయనకు ఆయనంటే ప్రాణం. మిగతావాళ్ళకు చిరాకు. మొదటి టెస్టులో ఆయన గంటలు గంటలు నిలిచి గుప్పెడు పరుగులు కూడా చేయకుండా అవుటయ్యాడు. మ్యాచ్ ఓడిపోయాం.

చేపల తమ్ముడు వెంటనే గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఆయన్ని తీసేయాలె. బంతులు తింటుండు తప్ప పరుగులు తీస్తలేడు. గా ఎడమచేతి పిల్లగాన్ని తేవాలె" అన్నాడు. సారు లేచి అదే మాటన్నాడు. కండక్టర్ కూడా లేవబోతుంటే, మా ఆయన కుర్చీలోంచి ఒక్కసారిగా గర్జించాడు. "ఏం తెలుసురా మీకు? కొత్త బంతి మెరుపంతా ఎవరు తీస్తున్నరనుకున్నరు? ఆయన అక్కడ నిలబడకపోతే ఎనకొచ్చేటోళ్ళంత గంటల ఖతం!"

దవాఖాన నుంచి వచ్చాక ఆయన గొంతు అంత పెద్దగా వినడం అదే మొదటిసారి. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. అప్పుడు కండక్టర్, అలవాటు చొప్పున, ఏమీ ఆలోచించకుండా అనేశాడు. "కూసోని చెప్పిన మాట చెల్లదు అన్నా. నీ రూలే గద."

అన్న తర్వాత కండక్టర్‌కే తెలిసింది తానేమన్నాడో. ముఖం నల్లబడిపోయింది. "అన్నా, అది కాదు..." అని నసిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న గిన్నెలో టీ కండక్టర్ నెత్తిన పోసేదాన్నే. నోరు తెరిచాను కూడా.

కానీ అప్పుడు మా ఆయన చేతులు కనిపించాయి. రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద గట్టిగా నొక్కి ఉన్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. రెండు మడమలూ నేలకు ఆని ఉన్నాయి. ఫిజియో అమ్మాయి ఇన్నాళ్ళూ చెప్పి చెప్పి అలిసిపోయిన పనిని, ఆ క్షణంలో ఆయన తనకు తెలియకుండానే మొదలుపెట్టాడు. నడుము కుర్చీ మీంచి ఇంత లేచింది. అంతలో బాత్రూం గడప గుర్తొచ్చిందేమో, మళ్ళీ కూలబడ్డాడు. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

తెరిచిన నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళాను. వాళ్ళు పోయేటప్పుడు వాకిట్లో కండక్టర్ చేతులు జోడించాడు. "తప్పయింది వదినా. రేపటి కెల్లి రూలు గీలు తీసేస్తం. అన్న కూసోనే చెప్తడు." 

"రూలు తీసేసినవో, నా ఇంటి గడప తొక్కకు" అన్నాను. ఆయన బిత్తరపోయాడు. తర్వాత నేను చూసింది చెప్పాను. కండక్టర్ మంకీ టోపీ తీసి చేతిలో నలుపుతూ, "సరే వదినా. రూలు రూలే" అన్నాడు.

ఆ తర్వాత రోజూ అదే తంతు. ముగ్గురూ లేచి నిలబడి మూడో నంబరాయన్ని తీసేసేవాళ్ళు. కావాలనే రోజుకో అన్యాయమైన కారణం చెప్పేవాళ్ళు. మా ఆయన కుర్చీలో కుతకుత ఉడికిపోయేవాడు. సైగలు చేసేవాడు, పళ్ళు కొరికేవాడు. "మాట్లాడనియ్యిరి నన్ను!" అనేవాడు. "లేచి మాట్లాడన్నా" అనేవాడు చేపల తమ్ముడు, కళ్ళల్లో నీళ్ళు కనపడకుండా టీవీ వైపు తిరిగి. ఆ కుర్రాడికి మా ఆయనంటే ఎంత ప్రేమో నాకు తెలుసు. ఇలా ఏడిపించడం వాడి వల్ల కావడం లేదు. అయినా ఏడిపించాడు.

కానీ మా ఆయన లేవలేదు. నెల దగ్గరపడుతోంది. ఫిజియో అమ్మాయి ఆయన తొడకు టేపు పెట్టి కొలిచి, ఏమీ అనకుండా టేపు చుట్టేసింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఒక పూట లంచ్ విరామంలో ఆయన నన్ను పిలిచి గుసగుసగా, "ఏమే, నా మాట నువ్వు నిలబడి చెప్పు. నువ్వు ఎట్లైనా నిలబడే ఉంటవ్ గద" అన్నాడు. ఉపాయం మంచిదే. ఈ మనిషి బుర్ర బాగానే పనిచేస్తోంది, కాళ్ళే పనిచేయనంటున్నాయి. "సరే" అని కొంగు నడుముకు దోపి టీవీ పక్కన నిలబడ్డాను.

"వదిన లేచింది! చెప్పు వదినా" అన్నాడు చేపల తమ్ముడు.

"మూడో నంబరాయన్ని తీసేయుండ్రి" అన్నాను.

మా ఆయన నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. సారు కళ్ళద్దాలు సర్దుకుని, రూలు ప్రకారం అడిగాడు. "ఎవర్ని తెస్తవ్ మరి?"

"ఎవరైనా మంచిదే. దెబ్బ తగిలినా మళ్ళ లేచేటోడు కావాలె" అన్నాను.

మా ఆయన తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్. అన్నం పెడితే తిన్నాడు, మంచం మీదికి జరిపితే జరిగాడు, అంతే. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ రోజుల్లో వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి చాలాసార్లు కళ్ళు ఒత్తుకున్నాను.

తర్వాతి టెస్టు చివరి రోజు ఆదివారం వచ్చింది. గెలిచే ఆశ లేదు. రోజంతా వికెట్లు కాపాడుకుంటే డ్రా, లేకపోతే ఓటమి. మూడో నంబరాయన పొద్దున్నే దిగాడు. పిచ్ మీద అప్పటికే పగుళ్ళు. బంతి పడ్డ చోటు నుంచి ఒకసారి మోకాలి ఎత్తున, ఇంకోసారి ముఖం ఎత్తున వస్తోంది. ఆస్ట్రేలియా బౌలర్ తాటిచెట్టంత మనిషి. అతను పరుగెత్తుకొస్తుంటే ఇక్కడ మా ముందు గదిలో మేము వెనక్కి జరుగుతున్నాం.

మొదట భుజం మీద తగిలింది. తర్వాత చేతి వేళ్ళ మీద. గ్లవ్ తీసి చూసుకుని, మళ్ళీ తొడుక్కున్నాడు. తర్వాతొకటి హెల్మెట్‌కు తగిలి, దాని వెనక భాగం ఊడి గడ్డిలో పడింది. నేను "అయ్యో!" అని అరిచాను. టీ పొయ్యి మీదే ఉంది, పాలు పొంగి మంట ఆరిపోయిన వాసనొస్తోంది, నేను కదల్లేదు. ఆ తర్వాత వచ్చిన బంతి పక్కటెముకల్లో దిగబడింది. ఆయన బ్యాటు వదిలేసి మోకాళ్ళ మీద కూలిపోయి, తల నేలకు ఆనించాడు. అవతలి జట్టువాళ్ళు కూడా దగ్గరికొచ్చి వంగి చూశారు. డాక్టర్ పరుగెత్తుకొచ్చాడు. టీవీలో వేలమంది జనం ఉన్నారు. ఒక్క గొంతు వినపడలేదు.

"ఇగ బయటికొచ్చేయ్ సామీ, చాలు" అన్నాడు కండక్టర్ టీవీతో.

మూడో నంబరాయన ముందు ఒక చెయ్యి నేల మీద పెట్టాడు. తర్వాత పడిపోయిన బ్యాటు అందుకుని దాని మీద బరువు మోపాడు. ఒక మోకాలు ఎత్తాడు. కాసేపు అలాగే ఆగాడు. తర్వాత రెండోది. లేచి నిలబడి, ఊపిరి పీల్చుకోవడానికి కష్టపడుతూ, బ్యాటు చివరతో పగుళ్ళ దగ్గర మట్టి తట్టాడు. మళ్ళీ వెళ్ళి వికెట్ల ముందు నిలబడ్డాడు. ఆ తాటిచెట్టు మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు.

పరుగులు తీయడం లేదని ఇన్నాళ్ళూ వీళ్ళు ఆడిపోసుకున్న మనిషి ఆయనే. ఆ రోజు కూడా పరుగులు తీయలేదు. ఎటూ పోలేదు. అవతలివైపు ఒక్కొక్కరే అవుటై పోతుంటే, చివరికి బౌలర్లతో కలిసి కూడా ఆయన అక్కడే ఉన్నాడు. ఇక చాలని రెండు జట్లవాళ్ళూ చేతులు కలుపుకునేసరికి మాకిక్కడ మధ్యాహ్నమైంది. ఆయన కుడిచెయ్యి ఎత్తలేక ఎడమచేత్తో బ్యాటు పట్టుకుని నడిచిపోతుంటే ఆ దేశపు జనమంతా లేచి నిలబడ్డారు. మా గదిలో సారు చప్పట్లు కొడుతూ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. చేపల తమ్ముడు ఏడుస్తున్నాడని దాచుకోలేదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన్ని "మరెందుకు ఏడుస్తున్నవ్" అని అడిగిన పెద్దమనిషిని నేనే. ఇప్పుడు నా ముఖమంతా తడి.

మా ఆయన చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడాడు. "తగిలినా లేచేటోడు కావాలె అన్నవ్ గద. చూసినవా?"

"చూసిన" అన్నాను.

మర్నాడు మ్యాచ్ లేకపోయినా ముగ్గురూ పొద్దున్నే వచ్చారు. తర్వాతి టెస్టుకు జట్టు తేల్చాలి కదా. చాప మీద కూర్చోకముందే కండక్టర్ ప్రకటించాడు. "మూడో నంబరాయన ఉండాలె. ఇగ మాట లేదు." చేపల తమ్ముడు నిలబడి అవునన్నాడు. సారు నిలబడి అవునన్నాడు. ఆ బెంచీ చరిత్రలో అందరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి. "నువ్వు గెలిచినవన్నా! ఇగ నువ్వు చెప్పేదే లేదు" అని కండక్టర్ మా ఆయన భుజం తట్టాడు.

ఆ వెర్రి సంతోషంలో వాళ్ళేం చేస్తున్నారో వాళ్ళకు తెలియలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని లేపడానికి మాకున్న ఆధారం ఆ గొడవ ఒక్కటే. అదీ తీరిపోయింది. ఇక ఆయనకు లేవాల్సిన అవసరమేముంది? నేను కండక్టర్‌కు కళ్ళతో సైగ చేశాను. అప్పటికి ఆయనకూ అర్థమై, భుజం మీది చెయ్యి తీసేశాడు.

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

అరచేతులు కుర్చీ చేతుల మీద నొక్కాడు. మడమలు వెనక్కి లాగాడు. నడుము లేచింది. సగం దూరం లేచి ఆగిపోయాడు. మెడ నరాలు ఉబ్బాయి. నేను ఒక అడుగు ముందుకేశాను. సారు చెయ్యి అడ్డం పెట్టాడు. మా ఆయన ఒక చెయ్యి వదిలి గాల్లో వెతుక్కుని, పక్కనున్న వాకర్‌ను తువ్వాలుతో సహా పట్టుకున్నాడు. తర్వాత రెండో చెయ్యి. కుడికాలు గజగజ వణికింది. వణుకుతూనే నిటారైంది. నెలల తర్వాత ఆయన ముఖం నా ముఖం కంటే ఎత్తులో ఉంది. నా పెనిమిటి అంత పొడుగని మర్చిపోయాను.

"ఆయన్ని తీసేయాలె" అన్నాడు.

మాకెవరికీ అర్థం కాలేదు. "ఎవర్ని?" అన్నాడు చేపల తమ్ముడు, ఆయన కాలునే చూస్తూ.

"మూడో నంబరాయన్ని. పక్కబొక్క విరిగింది ఆయనది. నిన్న నేను చూసిన. మీరంత చప్పట్లు కొట్టి మళ్ళ దింపుతరు. ఆయన రానని అనడు. ఒద్దనేటోడు ఒకడుండాలె." ఆయనకు ఆయాసం వస్తోంది, ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బొక్క అతికే దాంక ఆయన్ని కూసోనియ్యుండ్రి. అతికినంక లేస్తడు. జర భయపడ్తడు, కానీ లేస్తడు. నాకెరుక."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇక అందరూ ఆయన్ని పట్టుకుని ఏడవడమే తరువాయి అనుకున్నాను. కానీ వాళ్ళు క్రికెట్ పిచ్చోళ్ళు. సారు గొంతు సవరించుకుని, "ఎవర్ని తెస్తవన్నా మరి?" అన్నాడు.

"ఎడమచేతి పిల్లగాన్ని."

"వాడు బౌన్సర్ ఆడలేడు గదన్నా!" చేపల తమ్ముడు అప్పుడే మర్చిపోయి ఎగిరాడు. రోజూ వాణ్ణే తెమ్మన్నది వాడే.

"నిన్నటి దాంక నువ్వే గదరా తెమ్మన్నది?"

"నిన్నటి ముచ్చట వేరన్నా!"

ముగ్గురూ ఆయన మీద పడ్డారు. ఆయన ఒక్కడే, వాకర్ పట్టుకుని, వణుకుతూ, ముగ్గురికీ జవాబు చెబుతున్నాడు. దుకాణం ముందు ఎట్లా అరిచేవాడో అట్లాగే అరుస్తున్నాడు. ఎవరూ ఆయన మీద జాలిపడలేదు. ఎవరూ కూర్చోమనలేదు. మైదానంలోంచి తెల్ల బట్టల మనిషి నడిచిపోతుంటే వేలమంది నిలబడ్డారు. ఇక్కడ మా ఆయన చుట్టూ నలుగురమే నిలబడి ఉన్నాం. నాకు మాత్రం అదే పెద్దగా కనపడింది.

చివరికి చేతులెత్తించి లెక్కపెట్టారు. ఆయన వైపు ఆయనా నేనూ, అటువైపు ఆ ముగ్గురూ. "ఓడిపోయినవన్నా" అన్నాడు కండక్టర్, ముక్కు ఎగబీలుస్తూ.

"ఓడిపోతి. రేపు మళ్ళ చెప్త" అని మా ఆయన నెమ్మదిగా, వాకర్ వదలకుండా, కుర్చీలోకి దిగాడు. చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది.

వాళ్ళు పోయాక నేను గ్లాసులు తీస్తూ ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. చూస్తే ఏడుస్తానని తెలుసు. ఆయనే పిలిచాడు.

"ఏమే."

"ఏంది?"

"ఆ తువ్వాళ్ళు ఇంకెక్కడన్న ఆరెయ్యి. వాకర్ తోని నాకు పనున్నది."